న్యాయశాఖ మంత్రి గారికి: మా ఓటు ఎప్పుడొస్తుంది సార్?

కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి నమస్కారం.

విదేశాల్లో పనిచేసే మా ఓటు గురించి నేను రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటిది మా వైపు నాయకుడొకాయన దుబాయ్ వచ్చినప్పుడు చేతికే ఇచ్చాను, శాలువా కప్పించుకుని, ఫోటో దిగి, కాగితం జేబులో పెట్టుకుని వెళ్లారు. రెండోది సెలవులో ఊరికి వచ్చినప్పుడు ఓ ఆఫీసులో ఇచ్చాను, రసీదు ఇంకా నా పెట్టెలోనే ఉంది. మూడోది ఈమెయిల్. దేనికీ జవాబు లేదు. అందుకే ఈసారి పది మందీ చదివేటట్టు రాస్తున్నా.

నాది జగిత్యాల జిల్లా, మెట్‌పల్లి పక్క ఊరు. 14 ఏళ్లుగా దుబాయ్‌లో షట్టరింగ్ పని, ఉండేది సోనాపూర్ లేబర్ క్యాంపు. మా వైపు గల్ఫ్‌కు మనిషి పోని ఇల్లు వెతకాలి.

2018 డిసెంబర్‌లో అసెంబ్లీ ఎన్నికలప్పుడు అదృష్టం కొద్దీ సెలవులో ఊళ్లోనే ఉన్నాను. కొత్త చొక్కా వేసుకుని, పాత ఓటరు కార్డు పట్టుకుని పొద్దున్నే లైన్లో నిలబడ్డా. గంటన్నర తర్వాత నా వంతు వచ్చింది. లిస్టులో పేరు లేదన్నారు. ఊళ్లో ఉండటం లేదని తీసేశారట. వెనకాల మా చిన్నాయన, పక్క లైన్లో మా అమ్మ, అందరూ చూస్తుండగా పక్కకు జరిగి బయటికి వచ్చేశా. ఆ ఊళ్లో నాకు ఇల్లుంది, ఎకరం పొలముంది, బ్యాంకులో అప్పుంది, ఓటు మాత్రం లేదు.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఓటరుగా పేరు ఎక్కించుకునే ఫారం 6ఏ సంగతి ఆ తర్వాతే తెలిసింది. 2011 నుంచే ప్రవాసులకు ఓటు హక్కు ఉందని, పాస్‌పోర్టు, వీసా కాపీలు పెడితే పేరు ఎక్కిస్తారని రూమ్‌లో చదువుకున్న తమ్ముడు చెప్పాడు. పాస్‌పోర్టేమో కంపెనీ లాకర్లో ఉంటుంది. అలా పెట్టుకోవడం ఇక్కడి చట్టం ప్రకారం కూడా తప్పే, కానీ అడిగితే ఉద్యోగం పోతుందని ఎవరూ అడగరు. ఫోర్‌మాన్‌ను బతిమాలి ఫోటోలు తీయించుకుని, అప్లై చేసి, మొత్తానికి పేరు ఎక్కించుకున్నా. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను సార్. తీరా చూస్తే ఓటు వేయాలంటే ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని మా ఊరి బూత్‌కే రావాలట. రానుపోను టికెట్టు నా నెల జీతం కంటే ఎక్కువ. కంపెనీ సెలవిచ్చేది రెండేళ్లకోసారి. ఇది హక్కు ఎట్లా అవుతుందో మీరే చెప్పండి.

2023 నవంబర్ 30న పోలింగ్ అయ్యాక మా ఆవిడ వీడియో కాల్ చేసి ఎడమ చూపుడువేలు కెమెరా ముందు పెట్టింది. బీడీలు చుట్టి చుట్టి ఆ వేలి అంచులు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి, ఆ నలుపు మీద ఓటు సిరా గీత. ఎనిమిది మంది ఉండే రూమ్ మాది, మంచాల మీద నుంచి అందరూ వంగి చూశారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇది నా ఒక్కడి గోడు కాదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో విదేశాల్లోని ఓటర్లుగా పేరు ఎక్కించుకున్నవాళ్లు 1,19,374 మంది. వచ్చి ఓటేసింది 2,958 మంది. ఎన్నికల సంఘం లెక్కే ఇది. ఆ వచ్చినవాళ్లలో 2,670 మంది కేరళవాళ్లు. కోటి మందికి పైగా భారత పౌరులు బయట ఉంటే ఓటేసింది మూడు వేల మంది కూడా కాదు. 2024-25లో మేమంతా కలిసి ఇంటికి పంపిన డబ్బు 13,500 కోట్ల డాలర్ల పైనే అని రిజర్వ్ బ్యాంకు లెక్క చెబుతోంది. మా డబ్బు నిమిషంలో ఊరికి చేరుతుంది, మా ఓటు మాత్రం ఇన్నేళ్లయినా చేరడం లేదు.

ఓటు ఉంటే ఏం జరుగుతుందో మా నిజామాబాద్ ఎంపీ నియోజకవర్గం వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2019లో పసుపు బోర్డు కోసం 170 మందికి పైగా రైతులు ఎంపీ ఎన్నికల్లో నిలబడ్డారు, బరిలో మొత్తం 185 మంది అయ్యేసరికి దేశమంతా మా వైపు చూసింది. ఆలస్యంగానైనా 2025 జనవరిలో బోర్డు వచ్చింది. ఆ రైతుల కొడుకులమే మేము. తండ్రి పసుపు ధర కోసం నామినేషన్ వేయగలిగాడు. కొడుకు దుబాయ్‌లో జీతం ఎగ్గొట్టిన కంపెనీ గురించి, నకిలీ వీసా అమ్మిన ఏజెంట్ గురించి, నెల దాటినా ఇంటికి చేరని శవపెట్టె గురించి ఎవరిని నిలదీయాలి? ఓటు లేనివాడి వినతిపత్రం ఏ గతి పడుతుందో నా మూడు ఉత్తరాలే సాక్ష్యం.

మా సైట్‌లో ఫిలిప్పీన్స్ అతను ఒకడు ఎలక్ట్రీషియన్. 2022 ఏప్రిల్‌లో సెలవు రోజున పొద్దున్నే బస్సెక్కి వాళ్ల కాన్సులేట్‌కు పోయి, అధ్యక్ష ఎన్నికల్లో ఓటేసి వచ్చి, సాయంత్రం నాతో కలిసి టీ తాగాడు. మీకు ఎక్కడ పెడతారు అని అడిగాడు. మా దేశంలో ఊరికి పోయి వేయాలి అంటే నమ్మలేదు, నేను సరదాకి అంటున్నా అనుకున్నాడు. వాళ్ల దేశం 2003లోనే చట్టం చేసుకుంది. ఇక్కడి ప్రభుత్వాలు పోలింగ్‌కు ఒప్పుకోవని మన దగ్గర కొందరు చెబుతుంటారు. అదే దుబాయ్‌లో వాళ్లకు ఒప్పుకున్నప్పుడు మనకెందుకు ఒప్పుకోరు? అసలు అడిగారా సార్?

2018 ఆగస్టులో లోక్‌సభ ఒక బిల్లు పాస్ చేసింది, మా బదులు ఇంకొకరు ఓటు వేయొచ్చని. రాజ్యసభ దాటలేదు, 2019లో ఆ లోక్‌సభతో పాటే అదీ పోయింది. నిజం చెప్పాలంటే ఆ పద్ధతి నాకు నచ్చలేదు. నా ఓటు ఇంకొకరి చేతిలో పెడితే రేపు ఊళ్లో పెద్దమనుషులే ఆ కాగితాలన్నీ పోగేస్తారు. 2020 నవంబర్‌లో ఎన్నికల సంఘమే మీ శాఖకు రాసింది, ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్, అంటే ఓటు కాగితం ఆన్‌లైన్‌లో పంపి, నింపినదాన్ని పోస్టులో తీసుకునే పద్ధతి, ఇవ్వడానికి మేం సిద్ధం అని. సైనికులకు, విదేశాల్లోని మన ఎంబసీ ఉద్యోగులకు ఆ సౌకర్యం ఇప్పటికే ఉంది. అంటే మన కాన్సులేట్ లోపల కుర్చీలో కూర్చున్న ఉద్యోగికి దుబాయ్ నుంచి ఓటుంది, అదే కాన్సులేట్ గేటు బయట ఎండలో నిలబడ్డ కూలీకి లేదు. ఈ తేడా ఎందుకో ఎవరైనా ఒక్కరు చెప్పండి, ఒప్పుకుంటాను.

నేను చట్టాలు చదివినవాణ్ని కాదు. పోస్టల్ బ్యాలెట్టే ఇస్తారో, కాన్సులేట్‌లోనే పెట్టె పెడతారో మీ ఇష్టం. నన్నడిగితే కాన్సులేటే మంచిది, క్యాంపుల్లోకి కాగితాలు వస్తే సూపర్‌వైజర్లు లాక్కుంటారని నా భయం. కానీ ఏదో ఒకటి చేయండి. దానికో కొత్త బిల్లు పెట్టండి. పెట్టేది లేకపోతే పెట్టబోమని అయినా చెప్పండి, ఎదురుచూడటం మానేస్తాం.

తోటి ప్రవాసులకూ ఒక మాట. ఊరికి పోయిన ప్రతివాడూ తన ఎమ్మెల్యేని, ఎంపీని ఇదొక్కటే అడగండి. శాలువాలు తర్వాత కప్పుదాం.

మంత్రి గారూ, మా అబ్బాయికి మొన్ననే 18 నిండాయి. ఓటు నమోదు కోసం ఫారం నింపాడు. అదే వారంలో పాస్‌పోర్టుకు కూడా అప్లై చేశాడు, మా బావమరిది షార్జాలో వీసా చూస్తున్నాడు. వాడు ఒక్కసారైనా ఓటు వేసి వస్తాడో, వేయకుండానే వస్తాడో తెలియదు.

జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఒక వలస కార్మికుడు,
సోనాపూర్, దుబాయ్.