శనివారపు తెలుగు బడి వార్తాలేఖ: పాత ఫొటోలు, వాటిని ఎరిగిన మనుషులు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ విడత పెద్ద తరగతి పిల్లలు చేస్తున్న పని గురించి మీలో కొందరు గేటు దగ్గర నన్ను ఆపి అడిగారు. "తెలుగు నేర్పమని పంపిస్తే షెఫీల్డ్ పాత ఫొటోలు చూపిస్తున్నారేమిటండీ" అని ఒక తండ్రిగారు నవ్వుతూనే అన్నా, ఆ నవ్వు వెనుక కొంత అసంతృప్తి ఉందని నేను గమనించకపోలేదు. అడగవలసిన మాటే కనుక ఈసారి వార్తాలేఖను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను. ఉగాది కార్యక్రమం, ఫీజుల వివరాలు వేరే కాగితంలో పంపుతాను.

గుణింతాలూ వత్తులూ దాటిన పిల్లలకు ఆ తర్వాత కావలసింది రాయడానికి ఒక విషయం. నిరుడు "మా తాతగారి ఊరు" అని వ్యాసం రాయమంటే పదకొండు మంది పిల్లలూ పచ్చని పొలాలు, కొబ్బరి చెట్లు, గలగల పారే కాలువ అంటూ ఒకే ఊరిని రాసుకొచ్చారు. వారిలో ఇద్దరి తాతగారి ఊళ్లు అనంతపురం జిల్లాలో ఉన్నాయి. తప్పు పిల్లలది కాదు. రెండేళ్లకోసారి మూడు వారాల సెలవుల్లో చూసిన ఊరిని వాచకంలో చదివిన ఊరితో కలిపేసి, మేము ఏం ఆశిస్తున్నామో ఊహించి అదే రాశారు. వారు కాళ్లతో తిరిగి, కళ్లారా చూసి ఎరిగిన ఊరు మనం ఉంటున్న ఇంగ్లండ్‌లోని ఈ షెఫీల్డే. దీని గురించి తమ సొంత తెలుగు వాక్యం ఒకటి రాయగలిగితే, అక్కడి నుంచి తాతగారి ఊరికి కూడా దారి దొరుకుతుందని నాకు అనిపించింది.

మొదటి వారం ఫార్గేట్ వీధి ఫొటో ఒకటి పెద్దదిగా అచ్చు వేయించి, కింద ఉన్న వివరాన్ని కాగితంతో కప్పి, ఇది ఎప్పటిదో చెప్పమన్నాను. "నలుపు తెలుపు, కాబట్టి పాతది" అన్న జవాబుతో మొదలైన పిల్లలు పది నిమిషాల్లో చాలా దూరం వెళ్లారు. ట్రాముకు పైన తీగ ఉంది కనుక గుర్రాలు లాగిన కాలం నాటిది కాదు. షెఫీల్డ్‌లో కరెంటు ట్రాములు 1899లో మొదలయ్యాయి. పాత ట్రాములు 1960 అక్టోబర్ 8న ఆగిపోయాయి కనుక దానికి ముందుదే. రోడ్డు దాటడానికి తెల్ల చారలు లేవు కాబట్టి, అవి వచ్చిన 1951కి కూడా ముందుదేనని ఒక అబ్బాయి ధీమాగా అన్నాడు. "ఆ చోట ఎప్పుడూ వేయలేదేమో, నీకేం తెలుసు" అని పక్కనున్న అమ్మాయి వెంటనే అడ్డుకుంది. ఆ ఒక్క మాటకు ఆ పూట నా పాఠం గిట్టుబాటయింది. ఇంకొక చిన్నవాడు, టౌన్ హాల్ రాయి గోధుమ రంగులో కదా ఉంటుంది, ఇక్కడి గోడలన్నీ ఇంత నల్లగా ఎందుకున్నాయని అడిగాడు. ఉక్కు కొలిముల పొగ, ఇళ్లలో కాల్చిన బొగ్గు మసి, ఆ మసిని అదుపు చేయడానికి 1956లో వచ్చిన చట్టం, ఇవన్నీ అప్పుడు చెప్పాను. "మసి" అనే మాట ఆ తరగతిలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు అందరికీ తెలుసు.

అయితే ఫొటోలో కనిపించేదంతా చదివేశాక కూడా అందులో లేనిది ఒకటి ఉంటుంది. దానికోసం మా వీధి చివర ఇంట్లో ఉండే ఎనభై ఆరేళ్ల పెద్దావిడను బడికి రమ్మని అడిగాను. పిల్లలు ఆమెను మామ్మగారు అని పిలుస్తున్నారు. ఆ మాటకు అర్థం చెప్పించుకుని ఆమె చాలా సంతోషించారు. ఆమె పదిహేనో ఏట బడి మాని, చెంచాలకూ ఫోర్కులకూ మెరుగుపెట్టే కార్ఖానాలో చేరారు. ఆ పని చేసే ఆడవాళ్లను ఈ ఊళ్లో బఫర్ గర్ల్స్ అనేవారు. వారి ఫొటోలు చాలానే ఉన్నాయి: నెత్తికి గుడ్డ, ఒంటికి గోధుమ రంగు కాగితం చుట్టుకుని, నలుగురైదుగురు నవ్వుతూ నిలబడి ఉంటారు. ఆ కాగితం ఎందుకని పిల్లలు అడిగితే, ఆమె ఒక పాత వార్తాపత్రిక అడిగి తీసుకుని, మోకాలి నుంచి మడమ దాకా చుట్టి, దారంతో బిగించి చూపించారు. తిరిగే చక్రం మీది నుంచి ఎగిరే నల్లటి మడ్డి ఒంటికి అంటకుండా రోజూ పొద్దున్నే అలా చుట్టుకోవడం, సాయంత్రం విప్పి పారేయడం. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా ఆ వేళ్లు ఎక్కడా తడబడలేదు. ఫొటోలో ఆడవాళ్లు నవ్వుతున్నారు కదా, పని సరదాగా ఉండేదా అని ఒకరు అడిగారు. "ఫొటో తీసేవాడు వచ్చినప్పుడు పని ఆపేవాళ్లం, అందుకే నవ్వేవాళ్లం" అన్నారామె.

ఆమె ముందు మరో ఫొటో పెట్టాను. 1967లో కాజిల్ స్క్వేర్‌లో కట్టి 1994లో పూడ్చేసిన కూడలి అది. పైన వాహనాలు గుండ్రంగా తిరిగితే, కింద నడిచేవాళ్ల కోసం ఆకాశం కనిపించేలా తెరిచి ఉంచిన పెద్ద ఆవరణ ఉండేది. ఊరివాళ్లు దాన్ని హోల్ ఇన్ ద రోడ్, అంటే రోడ్డులో గొయ్యి, అనే పిలిచేవారు. ఇప్పుడు దాని మీదుగా కొత్త ట్రాము వెళుతుంది. అక్కడి గోడలో అమర్చిన చేపల తొట్టి గురించి నలభై అయిదు దాటిన ఏ షెఫీల్డ్ మనిషిని కదిపినా ముఖం విప్పారుతుంది. చిన్నప్పుడు ఆ అద్దానికి ముక్కు ఆనించని పిల్లలు లేరంటారు. మామ్మగారు మాత్రం అక్కడి మెట్ల దగ్గరి వాసన కూడా చెప్పారు. అదేం వాసనో ఇక్కడ రాయను, మీ పిల్లలు ఇప్పటికే చెప్పి ఉంటారు. అలాగే, కోల్ బ్రదర్స్ దుకాణం 1963లో వేరే చోటికి తరలినా, ఫార్గేట్ మూలను ఆమె ఇప్పటికీ కోల్స్ కార్నర్ అనే అంటారు. హైదరాబాదు నుంచి వచ్చిన మనవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. థియేటరు లేకపోయినా మనం సంగీత్ చౌరస్తా అని అనడం మానలేదు కదా.

ఈ దేశంలో ఊరూరి ఫొటోలు ఇన్ని మిగలడానికి ఒక వ్యాపారి పట్టుదల పెద్ద కారణం. ఆయన మనకు పొరుగున చెస్టర్‌ఫీల్డ్‌లో, వంకర శిఖరం చర్చి ఉన్న ఊళ్లో, 1822లో పుట్టారు. పేరు ఫ్రాన్సిస్ ఫ్రిత్. లివర్‌పూల్‌లో టోకు కిరాణా వ్యాపారం అమ్మేసి, ఈజిప్టు వెళ్లి గాజు పలకల మీద పిరమిడ్ల ఫొటోలు తీసి పేరు తెచ్చుకుని, తిరిగి వచ్చాక బ్రిటన్‌లోని ప్రతి ఊరినీ ఫొటో తీయాలని సంకల్పించారు. ఆయన 1898లో పోయినా, కంపెనీ 1970ల ఆరంభం దాకా పోస్టుకార్డులు వేస్తూనే ఉంది. ఆ కంపెనీ కార్డు ఒకటి, కాజిల్‌టన్ గ్రామానిది, నాకు పాత సామాన్ల సంతలో దొరికింది. వెనుక వైపు సగంలో చిరునామా, సగంలో ఉత్తరం ఉన్నాయి. అలా రాయడానికి ఇక్కడి తపాలా శాఖ 1902లోనే అనుమతించింది. ఎడ్వర్డ్ రాజు బొమ్మ ఉన్న ఆకుపచ్చ అర పెన్నీ స్టాంపు అతికించి ఉంది. కార్డుకు అర పెన్నీ ధర 1918లో పెన్నీ అయింది. క్షేమంగా చేరాం, వాన తగ్గలేదు, శుక్రవారం వస్తాం అని మాత్రమే అందులో ఉంది. ముందువైపు వీధిలో ఒక్క మనిషీ లేడు. ఇలాంటి కార్డుల్లో నాకున్న చిన్న ఫిర్యాదు అదే: అమ్మకానికి తీసిన ఫొటో కనుక ఊరు ముస్తాబై కనిపిస్తుంది, ఎవరి ఇల్లు ఏదో చెప్పదు.

పోయిన నెల పిల్లల్ని లేడీబవర్ జలాశయానికి తీసుకువెళ్లాం. దాని అడుగున డర్వెంట్, ఆషాప్టన్ అనే రెండు గ్రామాలున్నాయి. షెఫీల్డ్, డెర్బీ, నాటింగ్‌హామ్, లెస్టర్ నగరాల నీటికోసం 1935లో మొదలుపెట్టిన ఆనకట్ట వెనుక 1945 నాటికి నీరు నిండింది. డర్వెంట్ చర్చిలో 1943 మార్చిలో చివరి ప్రార్థన జరిగింది; సమాధుల్లోని అవశేషాలను తీసి బామ్‌ఫర్డ్‌లో తిరిగి పూడ్చారు. చర్చి గోపురాన్ని మాత్రం స్మారకంగా వదిలేస్తే అది నీళ్లలోంచి తల ఎత్తి కొన్నాళ్లు నిలబడింది. 1947లో దాన్నీ పేల్చేశారు. ఆ గోపురం నీటిమధ్య నిలిచిన ఫొటోను ఒడ్డునే పిల్లల చేతికిచ్చి, ఎటువైపు ఉండేదో వెతకమన్నాను. నిజం చెప్పాలంటే వారిని ఎక్కువ ఆకట్టుకున్నవి మిగులు నీరు దిగిపోయే ఆ రెండు పెద్ద గుండ్రటి గరాటాలు.

మాతో ఒక విద్యార్థిని తాతగారు కూడా వచ్చారు. ఆయన ఊరు 1980ల ఆరంభంలో శ్రీశైలం జలాశయం కింద మునిగిపోయింది. డర్వెంట్ ఫొటోను చాలాసేపు పట్టుకుని, "వీళ్లకు ఇదైనా ఉందమ్మా" అన్నారు. ఆ ఊరికి సంబంధించి ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక ఫొటో, అక్కగారి పెళ్లిది. పెళ్లికూతురి భుజం వెనుక అరచెయ్యంత మేర వేపచెట్టు అరుగు, దాని పక్కన సగం తలుపు కనిపిస్తాయి. అందరూ పెళ్లికూతుర్ని చూసే ఆ ఫొటోలో ఆయన ఆ సగం తలుపును చూస్తారు. మరుసటి శనివారం మనవరాలు ఆయన్ని కూర్చోబెట్టి, ఆ తలుపు ఎవరిది, అరుగు మీద సాయంత్రాలు ఎవరెవరు కూర్చునేవారు, రామాలయం ఎటువైపు అని అడుగుతూ నాలుగు పేజీలు రాసుకుంది. అందులో కొబ్బరి చెట్టు ఒక్కటీ లేదు. అక్షర దోషాలు ఇరవై దాకా ఉన్నాయి. దిద్దలేదు, పక్కన పెన్సిలుతో గుర్తు మాత్రం పెట్టాను.

బడి పిల్లలు ఇలాంటి పని చేయడం ఈ దేశంలో కొత్త కాదు. ఇంగ్లండ్ భూముల లెక్కలు రాసిన 1086 నాటి డూమ్స్‌డే గ్రంథానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంలో, 1986లో బీబీసీ దేశమంతటినీ 4 కిలోమీటర్ల పొడవు, 3 కిలోమీటర్ల వెడల్పు గళ్లుగా విడదీసి, ఏ గడి పిల్లలు ఆ గడి ఫొటోలు తీసి, విశేషాలు రాసేలా చేసింది. దాన్ని లేజర్ డిస్కుల్లో నిక్షిప్తం చేశారు. కొన్నేళ్లకే ఆ డిస్కులు చదివే యంత్రాలు కరువై, వాటిలోని సమాచారాన్ని బయటకు తీయడానికి నిపుణులు చాలా పాట్లు పడవలసి వచ్చింది. మీ ఫోన్లలో ఉన్న వేల ఫొటోలకు కూడా ఈ సంగతి వర్తిస్తుంది. ముఖ్యమైనవి పదో పదిహేనో కాగితం మీద అచ్చు వేయించి ఉంచండి.

ఇక మీ నుంచి కావలసినవి. మీరు ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఇక్కడ తీసుకున్న ఫొటోలు ఒకటి రెండు పంపండి. అవి పాతవి కావని అనుకోకండి: టిన్స్‌లీ దగ్గర మోటార్‌వే పక్కన నిలిచిన పాత విద్యుత్ కేంద్రపు జంట కూలింగ్ టవర్లు 2008 ఆగస్టులో నేలకూలాయి, అవి వెనుక కనిపించే ఫొటో మీ దగ్గర ఉంటే మీ పిల్లలకు అది పుట్టకముందు లోకం. వెనుక వైపు మెత్తని పెన్సిలుతో మనుషుల పేర్లు, చోటు, తెలిస్తే సంవత్సరం రాయండి. పెన్ను వద్దు, సిరా దిగుతుంది. ఆల్బమ్‌కు అతుక్కుపోయిన వాటిని పీకవద్దు, ఆల్బమే తీసుకురండి, బడిలో స్కాన్ చేస్తాం. ఈ సలహా ఇచ్చే అర్హత నాకు ఎలా వచ్చిందంటే, మూడు వారాల కిందట ఒక తల్లిగారి పుట్టింటి ఆల్బమ్‌లోంచి ఫొటో తీయబోయి నేనే ఒక మూల చింపాను. ఆమెకు క్షమాపణ చెప్పాను, ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. చిరిగిన మూలను ఫొటోలు బాగుచేసే మనిషికి ఇచ్చాను, ఈ నెలాఖరుకు తిరిగి వస్తుంది. ఇతరుల పిల్లలు స్పష్టంగా కనిపించే ఫొటోలను వారి తల్లిదండ్రుల అనుమతి లేకుండా గోడకు అంటించము.

మామ్మగారు వచ్చే శనివారం పది గంటలకు మళ్లీ వస్తున్నారు. ఈసారి తన సొంత ఫొటోల డబ్బా తెస్తానన్నారు. ఆమె టీలో పాలు ఎక్కువ, చక్కెర వద్దు. ఆ పూటకు ఎవరైనా ఒక ఫ్లాస్కు తీసుకురాగలిగితే ముందుగా చెప్పగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు