కాగితాలు ఎలా పంపాలి: ఈ సీజన్ నుంచి మా ఆఫీసులో మార్పులు

గుంటూరు బ్రాడీపేటలోని మా టాక్స్ ఆఫీసు కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ సీజన్ నుంచి పాన్, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్లు వాట్సాప్‌లో తీసుకోవడం మానేస్తున్నాం. "ఎప్పుడు రమ్మంటారు", "నా రిటర్న్ ఎంతవరకు వచ్చింది" లాంటివి వాట్సాప్‌లో ఎప్పటిలాగే అడగండి. కాగితాలు మాత్రం సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లో గానీ ప్రోటాన్ మెయిల్ అనే ఈమెయిల్ సర్వీసులో గానీ పంపండి, లేదా చేత పట్టుకుని ఆఫీసుకే రండి. కొందరికి ఇది చాదస్తంగా అనిపిస్తుందని తెలుసు. అందుకే కారణాలన్నీ రాస్తున్నాను.

వాట్సాప్ మీద నాకేం కోపం లేదు. 2016 ఏప్రిల్ నుంచి అందులో మెసేజ్‌లన్నీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తోనే (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఎవరూ చదవలేని రహస్య రూపంలో) వెళ్తున్నాయి, మధ్యలో ఆ కంపెనీకి కూడా చదవడం కుదరదు. నా టెన్షన్ అంతా రెండు చివర్ల దగ్గరే. మీరు పంపిన ఫోటో మీ ఫోన్ గ్యాలరీలో ఉండిపోతుంది, పిల్లలు గేమ్స్ ఆడుకునేదీ ఆ ఫోన్లోనే. చాట్ బ్యాకప్ గూగుల్ ఖాతాలోకి పోతుంది. ఆ బ్యాకప్‌ను కూడా ఎన్‌క్రిప్ట్ చేసే సౌకర్యం 2021లో వచ్చింది గానీ, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి. చేసుకున్నవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. ఇక అన్నిటికంటే పెద్ద తలనొప్పి జిరాక్స్ షాపు. స్టేట్‌మెంట్ ప్రింట్ తీయించుకోవడానికి అక్కడి కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరుస్తారు, లాగౌట్ చేయకుండా వచ్చేస్తారు. ఇప్పుడే మీ వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి చూడండి. మీది కాని కంప్యూటర్ ఏదైనా కనిపిస్తే వెంటనే లాగౌట్ కొట్టండి.

మా వృత్తిలో ఇంకో చిక్కుంది. ఆదాయపు పన్ను పోర్టల్ నుంచి తీసుకునే ఏఐఎస్ (మీ ఆదాయం, లావాదేవీల వివరాల పట్టిక) పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ పాస్‌వర్డ్ ఏమిటి? చిన్న అక్షరాల్లో పాన్ నంబరు, దాని వెనకే పుట్టిన తేదీ. రెండూ పాన్ కార్డు మీదే ఉన్నాయి! ఈ-ఆధార్ పీడీఎఫ్‌దీ అదే కథ: పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఒకే చాట్‌లో పాన్ ఫోటో, ఏఐఎస్ రెండూ పంపితే ఆ పాస్‌వర్డ్ ఉన్నా లేనట్టే. ఏఐఎస్ అంటే మాటలు కాదు. ఎఫ్‌డీల వడ్డీ, అమ్మిన షేర్లు, కొన్న స్థలం, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని లెక్కలు అందులో ఉంటాయి. ఆధార్ కాపీ అయితే అసలు పంపకండి. పాన్‌తో లింకై ఉంటే రిటర్న్ వేయడానికి మాకు దాంతో పని లేదు. ఇంకెక్కడైనా కాపీ అడిగితే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఒప్పుకుంటారేమో అడిగి చూడండి.

ఇక ఓటీపీ సంగతి. ఈ మధ్య ఎవరో మా ఆఫీసు బోర్డు ఫోటోను డీపీగా పెట్టుకుని, మా కస్టమర్లు కొందరికి "రీఫండ్ ఆగింది, ఓటీపీ చెప్పండి" అని మెసేజ్‌లు పెట్టారు. ఒక రిటైర్డ్ మాస్టారు అనుమానమొచ్చి మాకు ఫోన్ చేయబట్టి బయటపడింది. ఎన్‌క్రిప్షన్‌తో ఇలాంటివాణ్ణి ఆపడం కుదరదు, వాడి మెసేజ్ కూడా భద్రంగానే వచ్చి చేరుతుంది. ఈ-వెరిఫికేషన్ (వేసిన రిటర్న్ తమదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం) కోసం కస్టమర్ దగ్గర ఓటీపీ ఫోన్లో చెప్పించుకోవడం మా లైన్లో మామూలే. మేం ఇక అడగం. రిటర్న్ వేసిన 30 రోజుల్లోగా మీరే పోర్టల్లో ఈ-వెరిఫై చేయొచ్చు. ఆఫీసుకు వస్తే మీ ఫోన్లో మీ చేతే చేయిస్తాం. ఆధార్‌కు మొబైల్ లింకు లేని పెద్దవారైతే, సంతకం పెట్టిన ఐటీఆర్-వి ఫారాన్ని (రిటర్న్ వేసినట్టు వచ్చే రసీదు) బెంగళూరులో రిటర్న్‌లు ప్రాసెస్ చేసే ఆదాయపు పన్ను కేంద్రం సీపీసీకి స్పీడ్ పోస్టులో పంపుదాం. మా పేరుతో ఎవరైనా ఓటీపీ అడిగితే, గొంతు అచ్చం నాలాగే ఉన్నా సరే, అది మేం కాదు. ఒకవేళ చెప్పేసి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సిగ్నల్ ఎందుకంటారా? వాట్సాప్ వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతి అసలు వీళ్లదే. నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. అమెరికాలో సమన్లు వచ్చినప్పుడు వాళ్లు ఇవ్వగలిగింది ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు అన్నంతవరకే. మా చాట్‌లో మెసేజ్‌లు నాలుగు వారాలకు వాటంతటవే చెరిగిపోయేలా పెట్టాం. ఈసారి ఆఫీసుకు వచ్చినప్పుడు సేఫ్టీ నంబర్ (చాట్‌లో అవతల ఉన్నది మేమేనని సరిచూసుకునే నంబరు) క్యూఆర్ స్కాన్ చేసుకుందాం. 60 అంకెలు ఫోన్లో చదివి సరిచూసుకునే ఓపిక మీకూ ఉండదు, నాకూ ఉండదు. తర్వాత ఎప్పుడైనా ఆ నంబర్ మారిందని చూపిస్తే, మేం ఫోను మార్చామేమో అడిగాకే ఫైళ్లు పంపండి.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు మెయిలే వీలు. మామూలు మెయిల్ ఆ మెయిల్ సర్వీసు నడిపే కంపెనీ సర్వర్లో, ఆ కంపెనీ చదవగలిగేలా ఉంటుంది. ప్రోటాన్ నుంచి ప్రోటాన్‌కు పంపిన మెయిల్‌ను చదవడం ప్రోటాన్ కంపెనీకి కూడా కుదరదు, ఉచిత ఖాతా చాలు. అయితే మీ జీమెయిల్ నుంచి మా ప్రోటాన్ అడ్రసుకు పంపితే ఆ రక్షణ రాదు, మీ సెంట్ ఫోల్డర్లో కాపీ మామూలుగానే ఉంటుంది. అలాంటివారికి ముందు మేమే పాస్‌వర్డ్ పెట్టిన మెయిల్ పంపి, పాస్‌వర్డ్ ఫోన్లో చెబుతాం. వచ్చిన లింకు తెరిచి ఆ పేజీలోంచే జవాబివ్వండి. మామూలుగా 28 రోజులకు ఆ మెయిల్ మురిగిపోతుంది, నాన్చొద్దు. సబ్జెక్ట్ లైనుకు ప్రోటాన్‌లోనూ ఎండ్-టు-ఎండ్ రక్షణ లేదు, కాబట్టి అక్కడ పాన్ నంబరు రాయకండి. "కాగితాలు" అని రాస్తే చాలు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న కొందరు పీజీపీ (మెయిళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) కీ ఉందా అని అడిగారు. ఉంది. ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో బయటపెట్టిన పద్ధతి, ఇప్పటికీ గట్టిదే. పబ్లిక్ కీ అంటే గుడి హుండీ అనుకోండి, ఎవరైనా వేయొచ్చు, తీయగలిగేది తాళంచెవి ఉన్నవాళ్లే. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో 2020 నుంచి ఈ సౌకర్యం కలిసే వస్తోంది. కీ నిజంగా మాదేనా అన్నది దాని ఫింగర్‌ప్రింట్‌తో (కీని గుర్తుపట్టే పొట్టి కోడ్) సరిచూసుకోవాలి. దాన్ని మా రసీదుల మీద అచ్చు వేయించాం. కీతో పాటు మెయిల్లో వచ్చిన ఫింగర్‌ప్రింట్‌ను నమ్మితే ఏం లాభం?

మేం ఇవ్వలేని హామీలూ ఉన్నాయి. లెక్క వేయాలంటే మీ ఫైలు మా కంప్యూటర్లో తెరవాల్సిందే, నాతో పాటు మా స్టాఫ్ కూడా చూస్తారు. నోటీసు వస్తే కావాల్సినవి ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కులో దాస్తాం, మిగతావి రిటర్న్ ప్రాసెస్ అయ్యాక తీసేస్తాం. మీ కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ప్రోటాన్ స్విట్జర్లాండ్ కంపెనీ అయినా కోర్టులకు అతీతం కాదు. అక్కడి అధికారుల ఆదేశంతో ఒక ఫ్రెంచి ఉద్యమకారుడి ఐపీ అడ్రసు (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) ఇవ్వాల్సివచ్చిందని 2021లో బయటపడింది. 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ప్రోటాన్ మెయిల్‌ను మన దేశంలో బ్లాక్ చేయమని కేంద్రానికి చెప్పింది, దాని మీద అప్పీలు కూడా జరిగింది. ఆ ఒక్కదాన్నే నమ్ముకోకుండా సిగ్నల్ కూడా పెట్టింది అందుకే.

వీటికోసం ఫీజు పెంచడం లేదు. సిగ్నల్ పెట్టుకోవడం రాకపోతే ఆదివారం తప్ప ఏ రోజైనా రండి, మా స్టాఫ్ పెట్టి చూపిస్తారు. జులై చివరి వారంలో మాత్రం వద్దు, అప్పుడు మాకు టీ తాగే తీరిక కూడా ఉండదు.