మీ పెళ్ళి ఫోటోల ఆర్కైవ్ సంగతి: డిస్కులు బాగానే ఉన్నాయి, ప్రాసెసర్ పాడైంది

మన ల్యాబ్‌లో ఆల్బమ్ చేయించుకుని ఫైల్స్ మా దగ్గరే దాచుకున్న ఫ్యామిలీలకీ, గాజువాక, అనకాపల్లి, విజయనగరం నుంచి డేటా పంపే స్టూడియో తమ్ముళ్ళకీ అందరికీ కలిపి రాస్తున్నాను. అసలు సంగతి ముందే చెప్పేస్తా. మా సర్వర్‌లో ప్రాసెసర్ పాడై, ఈ ఏడాది మాఘమాసం పెళ్ళిళ్ళ నుంచి ఆషాఢం దాకా మా దగ్గరికొచ్చిన ఫైల్స్‌లో కొన్ని దెబ్బతిన్నాయి. అంతకుముందు ఇచ్చినవాళ్ళవి బాగున్నాయి, వాటికి బీరువాలో విడిగా పెట్టిన డిస్కులున్నాయి కాబట్టి వేరే మెషీన్‌లో పెట్టి ఒక్కో ఫైలూ పోల్చి చూశాం. దెబ్బతిన్నట్టు తేలినవాళ్ళకి మేమే ఫోన్ చేస్తున్నాం. ఫోన్ రానివాళ్ళు కూడా దయచేసి చివరిదాకా చదవండి, ఎందుకంటే కొన్ని ఫైల్స్ సంగతి మీ సాయం లేకుండా మాకు తేలేలా లేదు.

ఎలా బయటపడిందంటే, ఆల్బమ్ రెండరింగ్ నడుస్తూ పక్కన కార్డులు కాపీ అవుతున్నప్పుడు సర్వర్ ఎర్రర్లు చూపించడం మొదలెట్టింది. మేం వాడేది జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్, అంటే డిస్క్ మీద ఫైల్స్‌ని సర్ది దాచే పద్ధతి. అది డేటాని రాసేటప్పుడే ప్రతి ముక్కకీ ఒక చెక్‌సమ్, అంటే సరిచూసుకునే నంబర్, లెక్కకట్టి పక్కన దాచుకుంటుంది, మళ్ళీ చదివేటప్పుడు లెక్క సరిపోకపోతే చెప్పేస్తుంది. పైగా రెండు డిస్కులు మిర్రర్‌లో ఉంటాయి, అంటే రెండిట్లోనూ ఒకే డేటా ఉంటుంది, ఒకదాంట్లో ముక్క పాడైతే రెండోదాంట్లోంచి తెచ్చుకుని సరిచేసుకుంటుంది. మాకు వచ్చిన చిక్కేంటంటే రెండు డిస్కుల్లోనూ ఒకే ఫైల్‌కి, దాదాపు ఒకే సంఖ్యలో ఎర్రర్లు వచ్చాయి. వేర్వేరు నెలల్లో కొన్న రెండు డిస్కులు ఒకే చోట, ఒకేసారి ఎలా పాడవుతాయి? అనుమానం అక్కడే మొదలైంది.

మెషీన్ చూసిన టెక్నీషియన్ మాత్రం హార్డ్ డిస్కులు పోయాయమ్మా మార్చేయండి అన్నాడు. నేను ఒప్పుకోలేదు. డిస్క్ తన ఆరోగ్యం తనే రాసుకునే స్మార్ట్ రిపోర్ట్ తీస్తే రెండు డిస్కుల్లోనూ రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై మార్చేసిన భాగాలు) సున్నా, పెండింగ్ సెక్టార్లు (పాడయ్యాయని అనుమానం ఉన్నవి) సున్నా, కేబుల్ తేడా ఉంటే పెరిగే సీఆర్‌సీ కౌంట్ కూడా సున్నా. కొత్త డిస్క్ పెడితే మొత్తం డేటా మళ్ళీ అదే మెషీన్‌లోంచి కొత్తదాంట్లోకి వెళ్ళాలి కదా, తప్పు మెషీన్‌లోనే ఉంటే ఉన్న మంచి కాపీని కూడా దాని చేతిలో పెట్టినట్టే. డిస్కులు పీకి పక్కన పెట్టించాను.

ఈలోగా ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న చిన్న డిస్క్ కూడా మొరాయించింది, దాంట్లో ఉన్నది ఈఎక్స్‌టీ4 అనే ఇంకో ఫైల్‌సిస్టమ్. బూట్ మధ్యలో ఆగి, ఎఫ్‌ఎస్‌సీకే అనే రిపేర్ ప్రోగ్రామ్ నువ్వే నడుపు అని అడిగింది. అందరూ చేసేది అది అడిగిన ప్రతిదానికీ సరే అని వై కొట్టుకుంటూ పోవడమే. స్టూడియో తమ్ముళ్ళు ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి, మెషీన్ మీద అనుమానం ఉన్నప్పుడు అదే మెషీన్‌లో రిపేర్ నడపకూడదు. ఏ ఫైల్ ఎక్కడుందో, ఏ ఫోల్డర్ కరెక్టో లెక్క చూసి మార్చేది ఆ ప్రోగ్రామే, దాన్ని నడిపేది ఆ ప్రాసెసరే. లెక్క తప్పితే బాగున్న ఫోల్డర్‌ని పాడైందనుకుని పీకేస్తుంది, అలా పోయింది మళ్ళీ రాదు. ముందు డిస్క్ తీసి మంచి మెషీన్‌లో డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్‌తో పూర్తి కాపీ తీసుకోవాలి, ఆ కాపీ మీద ఏమీ మార్చకుండా చూడ్డానికి ఈ2ఎఫ్‌ఎస్‌సీకే (ఈఎక్స్‌టీ4కి వాడే ఎఫ్‌ఎస్‌సీకే) కి ఎఫ్, ఎన్ ఆప్షన్లిచ్చి నడపాలి, రిపేర్ ఆలోచన ఆ తర్వాతే. మేం అలాగే చేశాం. మంచి మెషీన్‌లో చూస్తే అంతకుముందు చూపించిన తప్పుల్లో చాలావరకు అసలు లేనే లేవు.

ప్రాసెసర్ అని ఎలా తేల్చామో కూడా చెప్తాను, ఎందుకంటే ప్రాసెసర్ పాడవడమేంటి, అదైతే అసలు కంప్యూటరే ఆన్ అవదు కదా అని చాలామంది అడిగారు. ముందు ర్యామ్ మీదే అనుమానం, మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపాం, ఒక్క ఎర్రర్ లేదు. ఆ ర్యామ్‌నే తీసి వేరే మెషీన్‌లో పెట్టి చూశాం, బాగానే పనిచేసింది. పవర్ సప్లై మార్చాం, బయోస్ సెట్టింగులన్నీ డీఫాల్ట్‌కి తెచ్చాం, ఏమీ మారలేదు. తర్వాత ఒక పెళ్ళి వీడియో ఫైల్ తీసుకుని దానికి షా256 హ్యాష్, అంటే ఫైల్‌కి వేలిముద్రలాంటి నంబర్, మళ్ళీ మళ్ళీ లెక్కకట్టించాం. ఫైల్ మారనప్పుడు ఎన్నిసార్లు కట్టినా అదే నంబర్ రావాలి. మెషీన్ ఖాళీగా ఉంటే అదే వస్తోంది, లోడ్ పెట్టగానే అప్పుడప్పుడూ వేరే నంబర్. టాస్క్‌సెట్ అనే కమాండ్‌తో ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ (విడిగా లెక్కలు చేసే భాగం) మీదే ఆ పని కట్టేసి చూస్తే మిగతా కోర్లన్నీ సరిగ్గా చెప్తున్నాయి, ఒక్కటి మాత్రం తప్పు చెప్తోంది. ప్రాసెసర్‌ని గట్టిగా పరీక్షించే ప్రైమ్95 టార్చర్ టెస్ట్ పెడితే అదే కోర్ మీద రౌండింగ్ తేడా 0.4 కంటే తక్కువ ఉండాల్సింది 0.5 వచ్చింది, హార్డ్‌వేర్ ఫెయిల్యూర్ అని రాసి ఆగిపోయింది. చూడ్డానికి కంప్యూటర్ శుభ్రంగా నడుస్తోంది, సిస్టమ్ లాగ్‌లో ప్రాసెసర్ తన తప్పు తనే చెప్పుకునే మెషీన్ చెక్ ఎర్రర్ ఒక్కటి కూడా లేదు, లెక్క మాత్రం తప్పుతోంది.

ఇది మా ఒక్కరికే జరిగిన వింత కాదు. 2021లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు సైలెంట్ డేటా కరప్షన్ (ఏ ఎర్రరూ చూపించకుండా డేటా చెడిపోవడం) మీద ఒక పేపర్ వేశారు. వాళ్ళ సర్వర్లలో ఫైల్స్ ఉన్నట్టుండి మాయమవుతుంటే వెతుక్కుంటూ వెళ్ళి 59వ నంబర్ కోర్ దగ్గర తేలారు. 1.1ని 53 సార్లు హెచ్చవేసి వచ్చినదాంట్లో పూర్ణసంఖ్య తీసుకోమంటే 156 రావాలి, ఆ కోర్ సున్నా అంది. ఫైల్ సైజు లెక్కలో అలా సున్నా వచ్చేసరికి ఖాళీ ఫైలే కదా అని ప్రోగ్రామ్ దాన్ని రాయకుండా వదిలేసింది, ఎర్రర్ కూడా చూపించలేదు. అదే ఏడాది గూగుల్ వాళ్ళూ వాళ్ళ అనుభవం రాశారు, కొన్ని వేల మెషీన్లకి ఇలాంటి కోర్లు కొన్ని చొప్పున కనిపిస్తున్నాయని. అంత పెద్దవాళ్ళకే పట్టుకోవడం కష్టమైతే ఆల్బమ్ ల్యాబులకీ, స్టూడియోలకీ ఎన్నిసార్లు జరిగిపోతోందో, అందరం హార్డ్ డిస్క్ పోయిందనే అనుకుంటున్నామేమో అని నాకు నిజంగా భయంగా ఉంది.

ఇప్పుడు మీ ఫైల్స్ సంగతి. డిస్కులు మంచి మెషీన్‌లో పెట్టి మొత్తం స్క్రబ్ చేయించాం, అంటే ప్రతి ముక్కా చదివి చెక్‌సమ్‌తో సరిచూడటం. ఎర్రర్ చూపించిన ఫైల్స్‌లో ఎక్కువ భాగం ఇక్కడ శుభ్రంగా వచ్చాయి, అంటే డిస్క్ మీద డేటా బాగానే ఉంది, చదివేటప్పుడు లెక్క తప్పి పాడైందని చెప్పింది. అవి పూర్తిగా సేఫ్. ఇంకొన్ని ఇక్కడ కూడా తప్పే చూపించాయి, రాసేటప్పుడే తేడా వచ్చేసింది. మిర్రర్ ఉంది కదా అంటారేమో, లెక్క రాసే గుమాస్తాయే తప్పు కూడితే రెండు పుస్తకాల్లోనూ అదే తప్పు పడుతుంది. ఈ రెండో రకం వాళ్ళకే మేం ఫోన్లు చేస్తున్నది.

నాకు నిద్ర పట్టనివ్వనిది మూడో రకం. చెక్‌సమ్ లెక్కకట్టే ముందే డేటా చెడిపోయి ఉంటే, చెడిపోయినదానికే కరెక్ట్ చెక్‌సమ్ పడుతుంది. అప్పుడు ఎన్ని స్క్రబ్‌లు చేసినా ఫైల్‌సిస్టమ్ బాగుందనే చెప్తుంది. తప్పులు సరిదిద్దుకునే ఈసీసీ ర్యామ్ కూడా దీన్ని పట్టుకోదు, అది చూసేది మెమరీలో ఉన్న బిట్లనే, ప్రాసెసర్ లోపల జరిగే లెక్కని కాదు. ఇలాంటివి తేలాలంటే ఒరిజినల్‌తో పోల్చి చూడటం తప్ప ఇంకో దారి లేదు, ఆ ఒరిజినల్ మీ కార్డులో ఉంటుంది లేదా స్టూడియో డిస్క్‌లో ఉంటుంది. కంటితో చూసి చెప్పేద్దామంటే కుదరదు. జేపెగ్‌లో ఒక్క బిట్ తేడా వస్తే అక్కణ్ణుంచి కింద దాకా రంగు మారిపోవడమో సగం బూడిదరంగు అవడమో జరగొచ్చు, అది వెంటనే తెలుస్తుంది. వీడియోలో అయితే తర్వాతి కీఫ్రేమ్ (బొమ్మ మొత్తం ఉండే ఫ్రేమ్) వచ్చేదాకా గళ్ళుగళ్ళుగా వచ్చి మళ్ళీ మామూలైపోతుంది, మూడు గంటల వీడియోలో ఎవరు పట్టుకుంటారు. కంప్రెస్ చేయని రా ఫైల్‌లో ఎక్కడో ఒక చుక్క మారితే అసలు కనిపించనే కనిపించదు.

అందుకని అడుగుతున్నా, మాఘం నుంచి ఆషాఢం మధ్య డేటా ఇచ్చినవాళ్ళు కార్డులు ఫార్మాట్ చేయకండి, డిస్క్‌లో స్థలం చాలట్లేదని పాతవి తీసేయకండి. పోల్చి చూడటం మా పని, ఖర్చూ మాదే. స్టూడియోల వాళ్ళకి ఒక చిన్న ప్రోగ్రామ్ పంపిస్తాం, అది మీ కంప్యూటర్‌లోనే ఒక్కో ఫైల్‌కీ హ్యాష్ కట్టి లిస్టు తయారుచేస్తుంది, ఆ లిస్టు వాట్సాప్‌లో పెడితే చాలు, డేటా మొత్తం మోసుకు రానక్కర్లేదు. ఇకమీదట కొత్త ఆర్డర్లకి కూడా ఇదే పద్ధతి, లిస్టు మీ దగ్గర తయారవుతుంది, మా దగ్గరికి చేరాక వేరే మెషీన్‌లో సరిచూసి అన్నీ కలిశాయి అని మెసేజ్ పెడతాం, ఆ మెసేజ్ వచ్చాకే మీ కార్డు ఖాళీ చేసుకోండి.

ఒరిజినల్ ఎక్కడా మిగలనివి కొన్ని ఉన్నాయి, రెండు నిశ్చితార్థాలవీ ఒక సీమంతానివీ ఎక్కువగా. ఆ ఇళ్ళవాళ్ళతో నేనే మాట్లాడాను. ఆల్బమ్ కోసం ముందే ఎడిట్ చేసిన పేజీలు, మీకు వాట్సాప్‌లో పంపిన చిన్న సైజు కాపీలు అన్నీ వెతికి దొరికినన్ని పూడుస్తున్నాం. ఆ సీమంతం ఫోటోలో వాళ్ళ నానమ్మగారు ఉన్నారు, ఆవిడ ఇప్పుడు లేరు, ఆ ఒక్కటి ప్రింట్ చేసిన పేజీని స్కాన్ చేసి తెచ్చాం, ఒరిజినల్ అంత బాగా రాలేదు. ఈ కుటుంబాలకి కట్టిన డబ్బంతా వెనక్కి ఇచ్చేస్తున్నాం, అది ఆ ఫోటోలకి సరితూగదని నాకు తెలుసు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక తడిసి ముద్దయిన ఆల్బమ్‌లు సంచుల్లో పట్టుకుని ఎంతమంది వచ్చారో మీలో చాలామందికి గుర్తే. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీస్తే మొహాలు ఊడొచ్చేసేవి. ఫైల్స్ కూడా దాస్తాం అని మేం మొదలుపెట్టింది ఆ తర్వాతే, కాబట్టి ఈ పనిలో మీకు సగం మాట చెప్పి ఊరుకోలేను.

పాడైన ప్రాసెసర్ వారంటీలో ఉంది, కంపెనీకి పంపించాం, బదులు కొత్తది వస్తుంది. అది వచ్చినా ప్రతి కోర్‌నీ విడివిడిగా టెస్ట్ చేసి, కొన్నాళ్ళు రెండరింగ్‌కి మాత్రమే వాడి, ఆ తర్వాతే ఆర్కైవ్ పని అప్పజెప్తాం. అందువల్ల శ్రావణం ఆల్బమ్‌లు మామూలు కంటే ఓ వారం పది రోజులు ఆలస్యమవుతాయి. గృహప్రవేశం, రిసెప్షన్ లాంటి డేట్ ఉన్నవాళ్ళు ముందే చెప్పండి, అవి ముందు చేస్తాం.

కార్డులు, డిస్కులు ఇవ్వాలనుకున్నవాళ్ళు విశాఖ ద్వారకానగర్ షాప్‌కే తీసుకురండి, ఆదివారం కూడా రాత్రి ఎనిమిది దాకా ఉంటాం. శ్రీకాకుళం, పలాస వైపు నుంచి వచ్చేవాళ్ళు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి ఫోన్ చేస్తే మా అబ్బాయి వచ్చి తీసుకుంటాడు, రసీదు మీద డిస్క్ సీరియల్ నంబర్ రాయించుకోవడం మర్చిపోకండి.