పాపర్‌కి స్క్రూలు చాలవు, ఒంట్లోంచి తీగ వెయ్యాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

కిందటి ఆదివారం మీ పేపర్లో చెక్క పాపర్, అంటే నీళ్ళ మీద చప్పుడు చేస్తూ చేపని రప్పించే చెక్క ఎర, ఇంట్లోనే ఎలా చేసుకోవాలో బొమ్మలతో సహా వేశారు. తెలుగు పేపర్లో ఇలాంటిది చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, కత్తిరించి దాచుకున్నాను కూడా. కానీ మూడో బొమ్మ దగ్గర మనసు ఒప్పలేదు. ఏటికొప్పాక బొమ్మల్లా తరిణి (లేతు) పట్టిన అంకుడు కర్రకి ముక్కు దగ్గరొకటి, పొట్ట కింద ఒకటి, తోక దగ్గరొకటి కన్నం ఉన్న స్క్రూలు బిగించేసి, గాలాలు తగిలించి, ఇక సముద్రంలో పెద్ద పార చేపకి సిద్ధం అని రాశారు. దయచేసి అది సరిదిద్దండి. చెరువులో కొరమేనుకి స్క్రూ సరిపోతుందేమో గానీ పెద్ద పార ముందు నిలబడదు.

మాది శ్రీకాకుళం జిల్లా తీరం. తాతగారి కాలంలోనే అండమాన్ వచ్చేశాం, ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మార్చిన పోర్ట్‌బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ దగ్గర ఉంటాం. నాన్న వల వేసేవారు. నేను వడ్రంగం నేర్చుకుని, 12 ఏళ్ళుగా గాలం వేటకి వచ్చేవాళ్ళ బోటు మీద పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా పాపర్లు చేస్తున్నాను. వాళ్ళంతా జీటీ (జెయింట్ ట్రెవల్లీ) అనే చేప మన పార జాతిదే, అందులో అన్నిటికన్నా పెద్దది. 2006లో జపాన్‌లోని తోకర దీవుల దగ్గర 72.8 కిలోల చేప పడింది, అది ప్రపంచ రికార్డు. మాకు 20 కిలోలది పడితేనే రాడ్డు పట్టుకున్న మనిషి మోకాళ్ళు వణుకుతాయి, ఎందుకంటే అది పగడపు రాళ్ళలోకి దూరకుండా ఆపాలంటే రీలు డ్రాగ్, అంటే లైను జారిపోకుండా పట్టే బిగింపు, 10, 15 కిలోలకి బిగించి ఉంచాలి, పైగా మొదటి దెబ్బ ఆ లెక్కలేవీ చూసుకోదు.

నేను చేసిన మొదటి పాపర్లకి నేనూ స్క్రూలే పెట్టాను. ఒకరోజు పొద్దున్నే బోటు ముందు వైపు నుంచి విసిరితే నాలుగో గుంజుకే నీళ్ళు బద్దలైనట్టు పార వచ్చి పడింది, ఓ నిమిషం లాగింది, తర్వాత లైను ఒక్కసారిగా వదులైపోయింది. పాపర్ తేలుతూ తిరిగొచ్చింది. ముక్కు స్క్రూ అలాగే ఉంది, పొట్ట కింద స్క్రూ లేదు. అది ఉన్న చోట వడ్లగింజ పట్టేంత గుంత, దాని అంచున నాలుగు తడి పీచులు, లోపల చెక్క నల్లబడి ఉంది. స్క్రూ, రింగు, మూడు ముళ్ల గాలం మొత్తం చేప నోట్లోనే పోయాయి. ఆ చేప తర్వాత ఏం తిని ఉంటుంది, ఎలా బతికి ఉంటుంది అన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు. చేప తప్పించుకుపోవడం వేటలో మామూలే, దానికి బాధ లేదు. మన చేతకాని పని దాని నోట్లో ఉండిపోవడమే బాధ.

చెక్క పని తెలిసినవాళ్ళకి కారణం ఇట్టే అర్థమవుతుంది. ముక్కు దగ్గరా తోక దగ్గరా స్క్రూ దిగేది చెక్క నార పొడవు వెంబడి, అంటే స్క్రూకి అన్నిటికన్నా తక్కువ పట్టు దొరికే చోట. దానికి తోడు పొట్ట కిందతో సహా అన్నిచోట్లా చెక్క ఉప్పునీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఇంటికొచ్చాక ఆరి ముడుచుకుంటుంది, ఇలా నాలుగు ట్రిప్పులయ్యేసరికి స్క్రూ మరల చుట్టూ చెక్క పిండిలా అవుతుంది. అంకుడు లాంటి మెత్తని కర్ర అయితే మరీను. అంకుడు కర్ర చెడ్డదని కాదు, లేతు మీద అంత హాయిగా తిరిగే కర్ర తక్కువ. బరువు దాని మీద పడకుండా చూసుకోవాలి, అంతే.

అందుకే పాపర్ ఒంట్లోంచి ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే స్టీలు తీగ వెయ్యాలి. 316 రకం స్టెయిన్‌లెస్ తీగ, పెద్ద పారకైతే 2 మిల్లీమీటర్ల మందం. ముక్కు దగ్గర లైను కట్టే కన్ను, తోక దగ్గర గాలం తగిలించే కన్ను రెండూ ఆ తీగ మెలికలే. పొట్ట గాలానికి బలమైన స్వివెల్ (రెండు వైపులా కన్ను ఉండి గిర్రున తిరిగే లోహపు కొలికి) ఒకటి కింది కన్నంలోంచి లోపలికి పెట్టి, తీగని దాని కంటిలోంచి దూర్చాలి. అప్పుడు చెక్క రెండు ముక్కలైనా చేప తీగ మీదే ఉంటుంది, తీగ లైను మీద ఉంటుంది.

తరిణి పట్టకముందే, కర్ర ఇంకా నలుపలకలుగా ఉన్నప్పుడే, రెండు చివరల నుంచీ 3 మిల్లీమీటర్ల డ్రిల్లు వేసి మధ్యలో కలపండి. తర్వాత ఆ కన్నాల్నే లేతు కేంద్రాలుగా పెట్టి తిప్పితే కన్నం ఎప్పుడూ సరిగ్గా మధ్యలోనే ఉంటుంది. ముందు తిప్పేసి తర్వాత కన్నం వేద్దామనుకుంటే డ్రిల్లు పక్కకి పోతుంది, నేను చాలా కర్రలు అలా పాడుచేశాను. తీగని స్వివెల్ కంట్లో పెట్టడానికి మాత్రం ఓపిక కావాలి. నేను చిన్న టార్చి నోట్లో పట్టుకుని, పొట్ట కన్నంలోకి చూస్తూ, సూదిలో దారం ఎక్కించినట్టు ఎక్కిస్తాను. తోక దగ్గర ఒక స్టీలు వాషర్ వేసి, దాని మీదుగా తీగని లాగి పట్టి, ఖాళీ లేకుండా నాలుగైదు చుట్లు గట్టిగా చుట్టాలి.

రంగు వెయ్యకముందు నీళ్ళు తాగకుండా చూసుకోవాలి, ముఖ్యంగా కన్నాల లోపల. నేను తీగ ఎక్కించకముందే పల్చటి ఎపాక్సీ జిగురు పోసి పట్టిస్తాను. కొందరు కాచిన అవిసె నూనెలో టర్పెంటైన్ కలిపి నానబెడతారు, అదీ మంచిదే గానీ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, విడివిడిగా పరిచి ఆరబెట్టండి. ఇక సీసం బరువు పొట్ట కింద తోక వైపు పెట్టాలి, గాలాలన్నీ తగిలించాకే బకెట్లో వేసి చూడాలి, తోక కిందికి వాలి మొహం పైకి ఉండాలి.

గాలాల కొనకుండే వెనుక ముల్లుని పట్టకారుతో నొక్కెయ్యండి. మేం పెద్ద పారల్ని ఫొటో తీసి వదిలేస్తాం, ముల్లు లేకపోతే రెండు సెకన్లలో గాలం ఊడొస్తుంది, పొరపాటున మన చేతిలో దిగినా అంతే.

ఈ ఉత్తరంతో పాటు నిలువునా సగానికి కోసిన పాపర్ ఫొటో ఒకటి పంపుతున్నాను, లోపల తీగ, స్వివెల్, సీసం అన్నీ కనిపిస్తాయి. మీ మూడో బొమ్మ చూసి ఈపాటికే స్క్రూలు కొనేసిన కుర్రాళ్ళు ఉంటారు కాబట్టి, వీలైతే వచ్చే ఆదివారమే అదే పేజీలో, అదే సైజులో వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
జంగ్లీఘాట్, శ్రీ విజయపురం