శీనుగాడికి, రెండు గెంతుల కథ

అరిజోనా
ఆదివారం, తెల్లవారుజాము

ఒరేయ్ శీనూ,

తిట్టు. తిట్టే హక్కు నీకుంది. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. రోజూ రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూ గడిపేశాను. ఇప్పుడైనా ఎందుకు రాస్తున్నానంటే, నిన్న జరిగింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. ఇంట్లో చెప్పలేను. అమ్మ వింటే వెంటనే విమానమెక్కి వచ్చెయ్యమంటుంది, అదీ నేను నడపని విమానం చూసుకుని.

మామూలు సంగతులు గబగబా: ఒంట్లో బాగానే ఉంది. గోంగూర సీసా అయిపోయింది. చెల్లి పెళ్లి మాఘంలోనట, నీకు నాకన్నా ముందే తెలిసుంటుంది. ఎండ 42 డిగ్రీలు. గది పంచుకునేది ఆ రాజమండ్రి వాడే, గురక కూడా అదే.

ఇక వినరా.

నిన్న పొద్దున ఆరింటికి, నాకు విమానం నడపడం నేర్పే మా మేడం నన్ను ఒక్కడినే పైకి పంపింది. ఒంటరిగా వెళ్లడం ఇది మూడోసారి. బండి సెస్నా 172, చిన్న విమానం. ఆవిడ అరవై దాటిన మనిషి. కింద నీడలో చిన్న రేడియో చేత్తో పట్టుకుని నిలబడి చూస్తూ ఉంటుంది. మొదటి రెండు ల్యాండింగులు వెన్నలా దిగాను. అదే కొంప ముంచింది. ధీమా ఎక్కువైంది.

మూడోసారి ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగే ఆఖరి దారిలో, వేగం 65 నాట్లు ఉండాలి (మన వరి నాట్లు కాదు, విమానం వేగం కొలత). చూస్తే 75 ఉంది. కాస్త ఎక్కువుంటే మంచిదేలే అనుకున్నాను. స్టాల్ అవుతుందన్న, అంటే వేగం చాలక రెక్కలు మోయలేక కూలబడుతుందన్న భయం ఒకటి లోపల పీకుతూ ఉంటుంది కదా. మా అమ్మ ఎసట్లో ఎవరైనా వస్తారేమోనని గుప్పెడు బియ్యం ఎక్కువ పోస్తుందే, అలా. కానీ అన్నం మిగిలితే పొద్దున చద్దన్నం అవుతుంది, ఇక్కడ మిగిలిన వేగం ఎక్కడికీ పోదురా. పది నాట్లే కదా అనిపిస్తుంది. శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది, లెక్క వేసుకో, 65కి బదులు 75 అంటే మూడో వంతు ఎక్కువ. అంతా అరిగేదాకా అది దిగదు.

దిగలేదు. రన్‌వేకి రెండు మూడడుగుల ఎత్తున తేలుతూ పోతూనే ఉంది. నేలకి దగ్గరైనప్పుడు రెక్కల కింద గాలి మెత్తలా మోస్తుంది, ఆ మెత్త మీద జారిపోతోంది. రన్‌వే మొదట్లో రాసుండే నంబర్లు దాటాయి, పక్కకి తిరిగే మొదటి మలుపు దాటింది. అప్పుడు నాకు ఓపిక చచ్చింది. యోక్, అంటే విమానం స్టీరింగు, ముందుకి తోశాను. దిగవే అని.

దిగింది. ముక్కు చక్రం మీద. ధన్ మని కొట్టి పైకి లేచింది. ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. మళ్లీ తోశాను. మనం తోసేసరికి అది అప్పటికే దిగడం మొదలెట్టి ఉంటుంది, మన తోపు దానికి తోడవుతుంది. రెండో దెబ్బ మొదటిదాని తాత. ఈసారి ఇంకా ఎత్తుకి గెంతింది. ఇక్కడ దీన్ని పోర్పస్ అంటారు, డాల్ఫిన్‌కి చుట్టమయ్యే ఒక జంతువు పేరు, నీళ్లలో అలాగే మునిగి లేస్తుందట. దీన్ని సాగనిస్తే గెంతు గెంతుకీ ముదురుతుంది, ముక్కు చక్రం విరుగుతుంది, ప్రొపెల్లర్ నేలని కొడుతుంది.

ఒరేయ్, ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది ఏంటో తెలుసా? లూనా మోపెడ్ నేర్చుకుంటూ నేను వెళ్లి పడ్డ సుబ్బాయమ్మ గారి గడ్డివాము. ఒట్టు. ఇక్కడ గడ్డివాము లేదు కదరా దేవుడా అనుకున్నాను.

ఆ తర్వాత చెయ్యి దానంతటదే కదిలింది. ఇంజన్ పవర్ పెంచే థ్రాటిల్ పూర్తిగా లోపలికి. కుడి కాలు నొక్కాను, లేకపోతే ముక్కు ఎడమకి లాగేస్తుంది. ఫుల్ పవర్‌కి ముక్కు పైకి లేస్తానంటుంది, దాన్ని గట్టిగా ఆపి పట్టుకున్నాను. ఫ్లాప్స్, అంటే దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి దించే రేకులు, ఒక్కసారే మొత్తం తీస్తే కూలబడతాం, ముందు ఇరవై డిగ్రీలకి తెచ్చాను. స్పీడు పుంజుకున్నాకే మిగతావి. టవర్‌కి 'గో అరౌండ్', అంటే దిగకుండా మళ్లీ పైకి వెళ్లిపోతున్నా అని చెప్పేసరికి నా గొంతు ఏడో క్లాసు పిల్లాడిలా ఉంది.

చుట్టు తిరిగి మళ్లీ వచ్చాను. 65. కచ్చితంగా 65. చూపు రన్‌వే చివర పెట్టాను. కాలవ గట్టు మీద లూనా నేర్పేటప్పుడు నువ్వు నెత్తి మీద మొట్టేవాడివి, ముందు చక్రం చూడకురా, చెట్టు చూడు అని. అదే మాట ఈవిడ ఇంగ్లీషులో చెప్పింది, మొట్టకుండా. దిగాను. చప్పుడు లేదు. ఏడుపొచ్చింది.

ఆపి బయటికొచ్చాక మేడం ఒక్క మాట అనలేదు. జేబులోంచి టార్చి తీసి ప్రొపెల్లర్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. బ్లేడు చివర ఎక్కడైనా వంకర తిరిగిందా అని చూపుడు వేలితో మెల్లగా తడిమింది. మామూలుగానే దానికీ నేలకీ మధ్య జానెడు పైచిలుకు చోటు, ముక్కు కాలు నొక్కుకుంటే ఇంకా తక్కువ. అది గానీ తగిలుంటే ఇంజన్ మొత్తం విప్పి చూడాల్సిందేనట, బయటికి ఎంత బాగా కనపడినా సరే. తర్వాత ముక్కు కాలి వెనక, ఇంజన్‌కీ సీట్లకీ మధ్య ఉండే రేకు మీద ముడతలేమైనా పడ్డాయా అని చూసింది. మెకానిక్‌ని కూడా పిలిచి చూపించింది. ఏమీ లేదు. నా గుండె అప్పుడు మళ్లీ కొట్టుకుంది.

ఆవిడ తిట్టిందల్లా ఒక్కదానికే. మొదటి గెంతుకే ఎందుకు వెళ్లిపోలేదు, రెండోదాకా ఏం చేస్తున్నావని. అసలు తేలుతున్నప్పుడే వెళ్లిపోవాల్సిందని నాకూ తెలుసు. నామోషీ రా. ఆవిడ చూస్తోంది కదా, వాళ్లూ వీళ్లూ నవ్వుతారు కదా...

ఇంకోటి, ఇది నీ షాపు సంగతే. మొన్న ఒక కొత్త కుర్రాడు అప్పుడే ఆపిన విమానం ప్రొపెల్లర్ మీద చెయ్యేసి ఫొటో దిగుతున్నాడు. నేను అరిచిన అరుపుకి ఫోను కింద పడేశాడు. తాళంచెవి తీసేశానన్నా అంటాడు. ఇంజన్‌కి నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో గురించి నీకు నేను చెప్పాలా? దాన్ని ఆపే గ్రౌండ్ తీగ తెగుంటే తాళంచెవి తీసినా నిప్పురవ్వ వస్తూనే ఉంటుంది. ఇంజన్ వేడిగా ఉండి, లోపల కాస్త పెట్రోలు మిగిలుంటే, చెయ్యి తగిలి బ్లేడు కాస్త కదిలినా చాలు. లూనా స్టార్టు చేస్తుంటే అది ఎదురు తన్ని నీ కాలు వాచినప్పుడే నువ్వు వారం రోజులు

అయ్యో, కింద కారు హారన్ కొడుతున్నాడు. ఇవాళ పక్కగాలిలో దిగడమట. బండిని తాళ్లతో కట్టకుండా వదిలేసిన రోజు సుడిగాలి వచ్చిన కథ ఉంది, అది రాయనే లేదు. పిన్నిని అడిగానని చెప్పు. గోంగూర

— నీ గడ్డివాముగాడు