క్లీన్ ఎనర్జీ ఉద్యోగాల లెక్కలో హైడల్ వాళ్లు ఎక్కడ?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈ మధ్య మీ పేపర్లో క్లీన్ ఎనర్జీ ఉద్యోగాల మీద వార్తలు బాగానే వస్తున్నాయి, అన్నీ చదువుతున్నాను. ఆంధ్రా 2024 పాలసీలో 7.5 లక్షల ఉద్యోగాలన్నారు, తెలంగాణ 2025 జనవరిలో తన పాలసీ తెచ్చి 2030 కల్లా ఇంకో 20 వేల మెగావాట్లు కలుపుతామంది. సంతోషం. కానీ ఏ వార్త చూసినా ఫొటోలో సోలార్ ప్యానెళ్లే, ట్రైనింగ్ అంటే సోలార్ ట్రైనింగే, ఈ రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఏళ్ల నుంచి బొగ్గు ముట్టుకోకుండా కరెంటు తీస్తున్న హైడల్ (జలవిద్యుత్) వాళ్ల మాట మాత్రం ఎవరూ ఎత్తట్లేదు. నేను కృష్ణా మీద ఒక హైడల్ స్టేషన్లో షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరైన మనిషిని, ఆ బాధతోనే రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమీ అనుకోవద్దు.

శ్రీశైలం కుడి గట్టు 770 మెగావాట్లు, ఎడమ గట్టు 900, సాగర్ మెయిన్ పవర్‌హౌస్ 815, జూరాల ఎగువా దిగువా కలిపి 474, పులిచింతల 120, అటు సీలేరు నది మీద ఎగువ సీలేరు 240, దిగువ సీలేరు 460, 1955 నుంచి తిరుగుతున్న మాచ్‌ఖండ్ సరేసరి. ఇంత ఉన్నా 2019 మార్చి దాకా 25 మెగావాట్లు దాటిన హైడల్‌ని సెంటర్ రెన్యూవబుల్ కింద లెక్కే వేయలేదు. ఇప్పుడు మెగావాట్లని లెక్కలో వేసుకున్నారు గానీ వాటిని తిప్పే మనుషుల్ని ఇంకా వేసుకున్నట్టు లేదు.

ఒకటి ఒప్పుకోవాలి, హైడల్లో ఉద్యోగాల సంఖ్య పెద్దది కాదు. ఇరెనా (అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ) లెక్క ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద రెన్యూవబుల్స్‌లో కోటీ 62 లక్షల ఉద్యోగాలుంటే హైడల్‌వి 23 లక్షలు, సోలార్‌వి దానికి మూడు రెట్లు. డ్యామ్, టన్నెల్ కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది, కట్టడం అయిపోగానే వాళ్లంతా వెళ్లిపోతారు, ఆ తర్వాత షిఫ్టుకి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగులుతారు. అందుకే పాలసీ రాసేవాళ్లకి ఇది కంటికి ఆనదు. కానీ ఆ కొద్దిమంది చేతిలో ఉన్న పనేంటో చూడండి.

2020 ఏప్రిల్ 5 గుర్తుందా, రాత్రి 9 గంటలకి 9 నిమిషాలు లైట్లు ఆర్పమని ప్రధాని పిలుపిచ్చిన రోజు. దేశంలో డిమాండ్ ఒక్కసారిగా 31 వేల మెగావాట్లు పడిపోయింది. గ్రిడ్ కూలకుండా ఎక్కువ భారం మోసింది హైడలే, 25 వేల మెగావాట్ల పైన నడుస్తున్నది దాదాపు 25 నిమిషాల్లో 8 వేలకి దిగింది, దీపాలు వెలిగించడం అయ్యాక మళ్లీ పైకి లేచింది. థర్మల్ యూనిట్‌ని అంత తొందరగా దించి లేపడం అయ్యే పని కాదు. ఇది కంప్యూటర్ నొక్కితే అయిపోయేది కూడా కాదండీ. ఫ్రాన్సిస్ అనే రకం టర్బైన్ ఉన్న ప్రతి మెషీన్‌కీ ఒక రఫ్ జోన్ ఉంటుంది, సగం లోడ్ దగ్గర, టర్బైన్ కింద నీళ్లు బయటికి పోయే డ్రాఫ్ట్ ట్యూబ్‌లో నీళ్లు సుడి తిరిగి మెషీన్ మొత్తం ఊగుతుంది, అక్కడ ఆపకుండా దాటించాలి, ఎవరి మెషీన్ ఎక్కడ ఊగుతుందో దాన్ని ఏళ్ల తరబడి నడిపినవాడికే తెలుస్తుంది. బేరింగ్ వేడెక్కుతున్నట్టు మీటర్ చూపించేలోపే చప్పుడులో తేడా పట్టే ఆపరేటర్లని నేను చూశాను. నీళ్లలో బుడగలు పుట్టి పగలడం వల్ల (కేవిటేషన్ అంటారు) టర్బైన్ చక్రం, అంటే రన్నర్ బ్లేడ్లకి గుంటలు పడతాయి, ఎండాకాలం ఓవరాలింగ్‌లో ఆ లోపలికి దూరి స్టెయిన్‌లెస్ రాడ్‌తో వెల్డింగ్ నింపి, టెంప్లేట్ పెట్టి చూసుకుంటూ పాత షేప్ వచ్చేదాకా గ్రైండ్ చేయాలి, కొంచెం తేడా వస్తే మెషీన్ వైబ్రేషన్ పెరిగిపోతుంది. ఈ పని చేసేది చాలాచోట్ల కాంట్రాక్టు వెల్డరే.

ఇక జీతాల సంగతి. కరెంటోళ్లకి లక్షల్లో జీతాలని బయట ఒక మాటుంది. రెగ్యులర్ ఇంజినీర్లకి మంచి జీతాలే, నాకూ బాగానే ఇచ్చారు, కాదనను. కానీ అదే పవర్‌హౌస్‌లో అదే షిఫ్టులో, అదే పంపు దగ్గర అదే నూనె మరకల్లో నిలబడ్డ కాంట్రాక్టు కుర్రాడికి వచ్చేది మా జీతంలో ఎన్నో వంతో చెప్పుకోడానికే సిగ్గేసేది, అందులోనూ ఏజెన్సీ మారినప్పుడల్లా పీఎఫ్ ఎక్కడ ఆగిందో తెలియక తిరిగేవాళ్లు. తెలంగాణలో 2017లో దాదాపు 23 వేల మందిని విద్యుత్ సంస్థల్లోకి తీసుకుని ఆర్టిజన్లని పేరు పెట్టారు, మంచి పనే, కానీ రెగ్యులర్ వాళ్ల సర్వీస్ రూల్స్ వాళ్లకి వర్తించలేదు, అవి ఇమ్మనే 2023 ఏప్రిల్‌లో సమ్మెకి దిగారు. ఆంధ్రాలో కాంట్రాక్టు వాళ్లు ఇప్పటికీ సంస్థే నేరుగా జీతం ఇవ్వాలని అడుగుతూనే ఉన్నారు. సమాన పనికి సమాన వేతనం టెంపరరీ వాళ్లకీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016 అక్టోబర్లోనే చెప్పింది కదా, మరి అది పవర్‌హౌస్ గేటు దాటి లోపలికి ఎందుకు రాదో.

భద్రత గురించి రాయకుండా ఉండలేను. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ పవర్‌హౌస్‌లో మంటలొచ్చి తొమ్మిది మంది పోయారు. ఏడుగురు జెన్‌కో (ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ) వాళ్లు, ఇద్దరు బ్యాటరీల పని మీద వచ్చిన ప్రైవేటు కంపెనీ ఉద్యోగులు. పారిపోయే టైమ్ ఉన్నా మెషీన్లనీ స్టేషన్నీ కాపాడాలని చూశారని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవడంతో సరిపోదు, భూగర్భ స్టేషన్లో పొగ కమ్మితే ఏ దారిన బయటికి రావాలో, ఆక్సిజన్ సెట్ చీకట్లో ఎట్లా తగిలించుకోవాలో రెగ్యులర్ వాళ్లకే కాదు, ఒక్క రోజు పనికొచ్చిన కాంట్రాక్టు మనిషికి కూడా నేర్పాకే లోపలికి పంపాలి. దీన్ని ఖర్చు కింద చూస్తే ఎట్లా?

నేను ఈ ఉత్తరం ఇప్పుడే రాయడానికి అసలు కారణం పంప్డ్ స్టోరేజ్. పగలు సోలార్ కరెంటు ఎక్కువైనప్పుడు నీళ్లు పైకి తోడి సాయంత్రం పీక్‌లో దించి కరెంటు తీయడం. పిన్నాపురం ప్రాజెక్టు పేరు అందరూ వినే ఉంటారు, ఎగువ సీలేరులో 1350 మెగావాట్లది ప్లాన్‌లో ఉంది, ఇంకా చాలా కంపెనీలు కొండలు చూసుకుంటున్నాయి. ఇదేదో కొత్త టెక్నాలజీ అన్నట్టు మాట్లాడుతున్నారు గానీ సాగర్‌లో ఏడు యూనిట్లు, శ్రీశైలం ఎడమ గట్టులో ఆరు యూనిట్లు రెండు వైపులా తిరిగే రివర్సిబుల్ మెషీన్లే. ఆ పని తెలిసినవాళ్లు మన దగ్గరే ఉన్నారు, ఉన్నవాళ్లు ఒక్కొక్కరే రిటైర్ అవుతున్నారు, నాతో చేసినవాళ్లలో ఒకరిద్దరు ఇప్పటికే కంపెనీలకి కన్సల్టెంట్లుగా వెళ్లారు. వాళ్ల తర్వాత ఎవరు? మామూలు హైడల్ అయితే వరద రోజుల్లో మెషీన్ నెలల తరబడి తిరిగి ఎండాకాలం రిపేర్లకి ఆగుతుంది, పంప్డ్ స్టోరేజ్‌లో ఆ వెసులుబాటు లేదు, రోజూ పంపింగ్‌కీ జనరేషన్‌కీ మారుతూనే ఉండాలి, ప్రతి స్టార్ట్‌కీ జనరేటర్ లోపలి స్టేటర్ వైండింగ్ దగ్గర్నుంచి టర్బైన్‌లోకి నీళ్లు వదిలే గైడ్ వేన్ల దాకా అరుగుతాయి, మెయింటెనెన్స్ చేసే చేతులు ఎక్కువ కావాలి, అనుభవం ఇంకా ఎక్కువ కావాలి.

సోలార్‌కి 2015లోనే సూర్యమిత్ర అని ప్రత్యేకంగా ట్రైనింగ్ పెట్టారు. హైడల్ ట్రైనింగ్ అంటే కేంద్రం వాళ్ల విద్యుత్ శిక్షణ సంస్థ ఎన్‌పీటీఐ సెంటర్ పంజాబ్‌లో నంగల్‌లో ఉంది, దిగువ సీలేరు దగ్గరి మోతుగూడెం నుంచి ఐటీఐ పిల్లాడు అక్కడికి ఎట్లా పోతాడండీ. సీలేరు చుట్టుపక్కల ఆదివాసీ ఊళ్లలో ఐటీఐ చదివిన పిల్లలున్నారు, రేపు అక్కడ ప్రాజెక్టు కడితే భూమీ అడవీ పోయేది వాళ్లదే, వాళ్లకి మాత్రం కట్టినన్నాళ్లు మట్టి పనీ తర్వాత గేటు దగ్గర సెక్యూరిటీ పనీ మిగులుతాయి. ఆపరేటర్ ఉద్యోగం వాళ్లకి రావాలంటే మెషీన్ వచ్చేనాటికే వాళ్లు రెడీగా ఉండాలి, అంటే ఇప్పుడే మొదలుపెట్టాలి.

నేననేది ఏంటంటే, సాగర్‌లో ఒకటి, సీలేరులో ఒకటి హైడల్ ట్రైనింగ్ సెంటర్లు పెట్టండి. కొత్త బిల్డింగులు అక్కర్లేదు, ఓవరాలింగ్ జరిగే నెలల్లో విప్పిన మెషీన్ పక్కన నిలబెట్టి నేర్పితే చాలు, రిటైరైన మాలాంటి వాళ్లం వచ్చి చెప్తాం. అప్రెంటిస్‌గా తీసుకున్న పిల్లల చేత ఫైళ్లు మోయించకుండా షిఫ్టులో కూర్చోబెట్టండి. ప్రైవేటు పంప్డ్ స్టోరేజ్ కంపెనీలకి ప్రభుత్వం భూమీ రాయితీలూ ఇచ్చేటప్పుడే అగ్రిమెంట్లో రాయించుకోవాలి, ఆపరేషన్, మెయింటెనెన్స్ పోస్టుల్లో ఎన్ని పర్మనెంటు, వాటికి జీతం ఎంత, లోకల్ వాళ్లకి ఎన్ని అని. తర్వాత అడిగితే ఎవరూ చెప్పరు.

మీ విలేకరులకి నాదొక రిక్వెస్ట్. ఈసారి మంత్రి గారో కంపెనీ వాళ్లో ఇన్ని లక్షల ఉద్యోగాలని చెప్పినప్పుడు, అందులో కట్టడం అయిపోయాక కూడా ఉండేవి ఎన్ని, హైడల్‌వి ఎన్ని అని అడిగి ఆ జవాబు కూడా వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హైడల్ ఉద్యోగి