దుకాణం సైటుకు రియాక్ట్ అవసరమా?

సభ్యులకు నమస్కారం. పర్లాకిమిడి బట్టల దుకాణం సైటును రియాక్ట్‌లో (వెబ్ పేజీల తెరలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) చేద్దామన్న ప్రతిపాదనతో నేను ఏకీభవించలేను. మెనూ తెరుచుకోవడం, ఫోటోలు మారడం, ఆర్డరు ఫారం సరిచూడడం తప్ప వేరే పని లేని పేజీలకు, బిల్డ్ ఏర్పాటు (రాసిన కోడ్‌ను బ్రౌజర్‌కు తగినట్టు ముందే మార్చే పని) అక్కరలేకుండా పేజీలో ఒక్క స్క్రిప్ట్ ట్యాగ్‌తో పనిచేసే ఆల్పైన్ అనే చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ చాలు. బటన్ ఉన్న చోటే హెచ్‌టీఎంఎల్‌లో ఎక్స్-డేటా (x-data), ఎక్స్-షో (x-show) అనే ఆల్పైన్ గుర్తులు రాసుకుంటే సరిపోతుంది. గుణుపురం ట్యూషన్ సెంటరు హాజరు యాప్ సంగతి వేరు. దాన్ని రాసేవారికి రియాక్ట్ అలవాటే కనుక, దాదాపు అదే పద్ధతిలో నడుస్తూ, కుదించాక సుమారు 3 కేబీ మాత్రమే ఉండే ప్రియాక్ట్ అనే లైబ్రరీ మేలు. అయితే వాడదలచిన రియాక్ట్ లైబ్రరీలు దానితో పనిచేస్తాయో లేదో ముందే చూసుకోవాలి. ఇలాంటి పనికే వాడే స్వెల్ట్ కూడా నాకు ఇష్టమే గాని, ఇప్పుడు కొత్తగా నేర్చుకునే వ్యవధి లేదు. తెలుగు, ఒడియా ఫాంట్లు రెండూ పూర్తిగా ఎక్కిస్తే ఈ లైబ్రరీలన్నిటికంటే అవే బరువు. ముందు వాటిని తగ్గించండి.